ఏడు సంచులు, ఒక కుట్టు

జిల్లా జైలు, రెండో బ్యారక్
జూన్ 11

సుభాషిణి గారికి,

నమస్కారం. నన్ను మీరు ఎరగరు. నా పేరు రమాకాంత్. హనుమకొండలో ఇరవై ఆరేళ్లు దస్తావేజులు రాశాను. అందులో రెండు రాయకూడనివి రాసి, రెండేళ్ల శిక్షతో ఇక్కడికి వచ్చాను. ఇక్కడ కూడా రాతపనే ఇచ్చారు. చదువు రానివాళ్లకు ఉత్తరాలు, అర్జీలు రాసిపెడతాను. జైలు ఉత్తరాలను మధ్యలో ఒక సారు చదివి ముద్ర వేసి పంపుతారు. కాబట్టి ఇందులో అబద్ధం రాసే ధైర్యం నాకు లేదు.

మీ తమ్ముడు కుమారస్వామి మా బ్యారక్‌కు వచ్చి తొమ్మిది రోజులైంది. రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి "అక్కకు రాయి" అంటాడు. ఏం రాయమంటావంటే చాలాసేపు ఆలోచించి ఇవాళ ఇంత చెప్పాడు: "పప్పు మంచిగున్నది. దబ్బనం ఇస్తలేరు. అక్క ఎప్పుడొస్తది?"

ఇక నా మాట. అతనికి వయసు వచ్చినంతగా తెలివి రాలేదని మొదటి పూటే అర్థమైంది. ముప్పై నాలుగేళ్ల మనిషి, కంచం ముందు పెట్టినా ఎవరో ఒకరు "తిను" అనేదాకా ముట్టుకోడు. ఆ సంగతి తెలియక ఆ పూట అన్నం చల్లారబెట్టాం. ఇప్పుడు ఆ మాట రోజూ నేనే అంటున్నాను.

కేసు కాగితాలు చూశాను. ములుగు వైపు పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి రాగి తీగ ఎత్తుకుపోయిన కేసులు ఏడు. ఏడూ తనే చేశానని ఒప్పుకున్నట్టు రాసి ఉంది. నాకు తెలిసిన దారి చెబుతాను. కోర్టులో కూడా ఒప్పుకోనివ్వండి. జైల్లో ఉన్నన్ని రోజులే శిక్షగా రాసి పంపేస్తారు. దసరాకు ముందే ఇంట్లో ఉంటాడు. వాదించడం మొదలుపెడితే ఏళ్లు పడుతుంది. మీరు సరే అంటే ఆ అర్జీ నేనే రాస్తాను.

రమాకాంత్


కరీమాబాద్, వరంగల్
జూన్ 19

రమాకాంత్ గారికీ, ఈ ఉత్తరం మధ్యలో చదివే సారుకూ నమస్కారం.

మా స్వామికి "తిను" అని చెబుతున్నందుకు మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆ వాక్యం చదివి మీ మీద ఎంతో గౌరవం కలిగింది. కింద మీ సలహా చదివాక అందులో సగం పోయింది.

మా తమ్ముడు దొంగ కాదు. మీరు మళ్లీ అడగకుండా ముందే రాస్తున్నాను.

వాడు పద్నాలుగేళ్లుగా ఎనుమాముల మార్కెట్‌లో సంచుల మూతులు కుడుతున్నాడు. దబ్బనం, సుతిలి తాడు చేతిలో ఉంటే వాడికి లోకంతో పని లేదు. మూతిని రెండు మడతలు మడిచి, పదకొండు కుట్లు వేసి, రెండు మూలలా పట్టుకోవడానికి చెవులు వదులుతాడు. చేయి జారదని హమాలీలు స్వామి కుట్టిన సంచినే వెతికి ఎత్తుకుంటారు. లోపల ఏముందని వాడు ఏనాడూ అడగడు. మిర్చి అయినా మక్కలు అయినా వాడికి ఒకటే.

మే నెలాఖరున ఎవరో ఇద్దరు బండి మీద ఒక సంచి తెచ్చి వాడి ముందు పడేశారు. కుట్టి ఇచ్చాడు. ఆ సంచి పోలీసులకు దొరికింది, లోపల రాగి తీగ ఉంది. మనుషులు దొరకలేదు. మార్కెట్‌కు వచ్చి అడిగారు, "ఇది ఎవలు కుట్టిండ్రు?" అని. "నేనే సార్" అన్నాడు. అది నిజం. "మరి తీగ దొంగతనం ఎవలు చేసిండ్రు?" అన్నారు. "నేనే సార్, తప్పైంది" అన్నాడు. ఠాణాకు తీసుకుపోయి ఏడుసార్లు అడిగితే ఏడుసార్లూ అదే అన్నాడు. పోచమ్మ మైదాన్ చౌరస్తా దాటాలంటే నా కొంగు పట్టుకునేవాడు, ములుగు అడవి పక్క ఊళ్లకు ఒక్కడే పోయి ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కాడట. రాసినవాళ్లకు నవ్వు రాలేదేమో.

ఒప్పుకుంటే దసరాకు వస్తాడు, నిజమే. తరువాత ఎక్కడ తీగ పోయినా పాత దొంగ అని మా గుమ్మానికే వస్తారు. అడుగుతారు. వాడు నేనే అంటాడు. అట్లా ఎన్ని దసరాలు? నేను హనుమకొండలో ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో వంద మందికి వండి పెడతాను. ఒక్క తమ్ముణ్ణి దొంగ కాకుండా తెచ్చుకోలేనా?

మీకు కొన్ని సంగతులు చెప్పాలి. వాణ్ణి "అర్థమైందా?" అని అడగొద్దు, అన్నిటికీ అయిందంటాడు. ఉరిమితే చెవులు మూసుకుంటాడు, పక్కన ఎవరైనా కూర్చుంటే చాలు. భయమేస్తే నవ్వుతాడు. ఆ నవ్వు చూసి పొగరనుకుంటారు, కాదని వాళ్లకు చెప్పండి. మా వరంగల్‌లోనే జైలు ఉండేది. అది తీసేసి ఆ జాగాలో పెద్ద దవాఖాన కడుతున్నారు. మంచిదే, కానీ ఇప్పుడు వాణ్ణి చూడాలంటే రెండు బస్సులు మారాలి. పదిహేను రోజులకొకసారి తప్ప రాలేను. ఆ మధ్య రోజుల్లో వాడికి మీరే దిక్కు.

సుభాషిణి


జిల్లా జైలు
జూలై 4

సుభాషిణి గారికి,

మీ తిట్లు అందాయి. ఇరవై ఆరేళ్లలో నా సలహాను ఎవరూ ఇంత శుభ్రంగా ఉతకలేదు. మధ్యలో చదివే సారు కూడా ఉత్తరం నా చేతికిస్తూ నవ్వాడు. ఒప్పుకునే అర్జీ సంగతి ఇక ఎత్తను.

మీరు రాసిన "నేనే" మాట ఇక్కడ కూడా బయటపడింది. మొన్న మగ్గు పగిలింది. ఎవరని వార్డరు అడిగితే స్వామి లేచి నిలబడి "నేనే సార్, తప్పైంది" అన్నాడు. పగలగొట్టింది నా పక్క పరుపు మొండయ్య అని బ్యారక్ అంతటికీ తెలుసు. మరుసటి రోజు ఫ్యాన్ ఆగిపోయింది, అదీ స్వామే. మొదట అందరూ నవ్వుకున్నారు. ఇప్పుడు నవ్వడం మానేసి వాడుకుంటున్నారు. బీడీ కాల్చినా, నీళ్లు ఒలకబోసినా స్వామి వైపు చూస్తారు. వార్డరు గొంతు పెంచగానే ఇతను నవ్వుతాడు. మీరు ముందే చెప్పారు కాబట్టి అది ఏం నవ్వో నాకు తెలిసింది. వార్డరుకు కూడా చెప్పాను.

ఒక్క సంగతి అడుగుతాను. ఆ మాట అతనికి ఎక్కడిది? "నేనే" తరువాత "తప్పైంది" ఎప్పుడూ తప్పదు. ఎవరో కూర్చోబెట్టి వల్లె వేయించినట్టుంది.

దారి ఒకటి ఉంది. శనివారాలు ఇక్కడికి ఉచిత న్యాయ సహాయం కింద స్నేహలత అనే లాయరమ్మ వస్తుంది. చిన్న వయసు, కానీ కాగితం చివరిదాకా చదువుతుంది. నిందితుడికి తన కేసు అర్థం చేసుకునే తెలివి లేదని అనుమానం ఉంటే, మేజిస్ట్రేటు ముందు డాక్టరుతో పరీక్ష చేయించాలని కొత్త చట్టంలోనూ ఉంది, పాత చట్టంలోనూ ఉంది. ఎవరైనా అడగాలి, అంతే. అర్జీ రాసి ఆమె చేతికిచ్చాను.

నాకూ ఒక కూతురు ఉంది, శ్రీలత. హనుమకొండలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. నేను జైలుకు వచ్చాక నా ఉత్తరాలకు జవాబు లేదు, జైలు ఫోన్ నంబరు కనబడితే ఎత్తదు. ఇది మీకు ఎందుకు రాశానో తెలియదు. మీరు తమ్ముడి కోసం రెండు బస్సులు మారతారని చదివినప్పుడు గుర్తొచ్చింది.

రమాకాంత్


కరీమాబాద్, వరంగల్
జూలై 15

లేఖరి గారికి నమస్కారం.

మీ లాయరమ్మ దొరికింది. నేను కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంటే తనే వచ్చి "స్వామి అక్కవు నువ్వేనా?" అంది. నాకు కూతురే ఉంటే ఆ వయసు ఉండేది, అయినా మేడం అంటున్నాను. సదరం సర్టిఫికెట్ ఉందా అని అడిగింది. వికలాంగులకు సర్కారు ఇచ్చే ఆ కాగితం మేము ఏనాడూ తీసుకోలేదు. క్యాంపుకు తీసుకుపోదామంటే మా అమ్మ బక్కమ్మ ఒప్పుకునేది కాదు. "నా కొడుకుకు ఏమైందని? నీ కన్నా బరువెత్తుతాండు" అనేది. అమ్మ పోయాక నేనూ పోలేదు. ఆ కాగితం చేతిలో ఉంటే ఠాణాలోనే చూపించేదాన్ని. సరే, ఇప్పుడు పరీక్షకు కోర్టు ఆర్డరు ఇచ్చింది. వచ్చే నెల పోలీసు బండిలోనే దవాఖానకు తీసుకువస్తారట.

నేను చిన్నప్పటి బడి రిజిస్టరు నకలు తెచ్చాను. ఒకటో తరగతిలో నాలుగేళ్లు ఉన్నాడని అందులో ఉంది. మార్కెట్‌లో ముప్పై మంది హమాలీలతో సంతకాలు, వేలిముద్రలు పెట్టించాను. ఒకాయన తప్పించుకోబోతే, "పద్నాలుగేండ్లు మా వాని కుట్టు పట్టుకుని మూటలెత్తినవు, ఒక వేలు పెట్టనీకి నొస్తాందా?" అన్నాను. పెట్టాడు. కేసు గెలుస్తాం, మీరు ఫికర్ పడకండి.

మీ బ్యారక్ వాళ్లతో మాత్రం గట్టిగా చెప్పండి. మా వాడి మీదికి తోసేవాళ్ల పేర్లు నాకు రాసి పంపితే ములాఖత్ రోజున ఒక్కొక్కరినీ పలకరిస్తాను. వాడికి "నేను కాదు" అనడం నేర్పండి. మీకు మాటలతో పని కదా, చేయగలరు.

సుభాషిణి

మీ అమ్మాయి పనిచేసే కాలేజీ మా హాస్టల్‌కు దగ్గరే. చెప్పి ఉంచుతున్నాను, అంతే.


జిల్లా జైలు
ఆగస్టు 20

సుభాషిణి గారికి,

ముందు పాఠాల సంగతి. "స్వామీ, ఆకాశంలో చంద్రుణ్ణి ఎవరు దొంగిలించారు?" అని అడిగాను. "నేనే సార్, తప్పైంది." "అట్లా కాదు, నేను కాదు అనాలె." "నేను కాదు అనాలె" అన్నాడు. నెల రోజులుగా మా చదువు అక్కడే ఆగింది. నేను సార్‌ను కాదు బాబూ అంటే దానికీ తప్పైంది అంటాడు. దవాఖానలో పరీక్ష అయింది, రిపోర్టు నేరుగా కోర్టుకు పోతుంది.

ఇప్పుడు చెప్పక తప్పని మాట. పన్నెండో తారీఖున బ్యారక్‌లో తనిఖీ జరిగింది. మూలన పేర్చిన కంబళ్ల మధ్య ఒక మొబైల్ ఫోన్ దొరికింది. జైల్లో అది పెద్ద నేరం. ఎవరిదని సూపరింటెండెంటు గారు అడిగారు. అందరం తల దించుకున్నాం. స్వామి లేచాడు.

అతణ్ణి విడి గదికి మార్చారు. నెల రోజులు ములాఖత్ లేదు. మీరు బస్సులు మారి రావద్దు, చూడనివ్వరు. విచారణ అయ్యాక కొత్త కేసు పెడతారట. జైల్లో తప్పు చేశాడని కాగితం పోతే మన అర్జీ బలం తగ్గుతుందని స్నేహలత గారు అన్నారు.

నేను ఏమీ చేయలేకపోయాను. ఆ గదిలో అతనికి "తిను" అని ఎవరు చెబుతున్నారో నాకు తెలియదు.

రమాకాంత్


కరీమాబాద్, వరంగల్
ఆగస్టు 29

అన్నా,

ఈ పిలుపు ఇవాళే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే అన్నతో తప్ప ఇంకెవరితోనూ చెప్పలేని మాట ఒకటి ఉంది.

జూలైలో మీరు ఒక ప్రశ్న అడిగారు. నేను రిజిస్టర్లు, వేలిముద్రలు అంటూ దాటేశాను. ఆ మాట వాడికి నేర్పింది నేనే.

అప్పుడు వాడికి ఎనిమిదేళ్లు, నాకు ఇరవై. మా వాడలో ఒకాయన సోడా బండి పెట్టేవాడు. ఎవరో సీసాలు పగలగొట్టి పోయారు. అక్కడ నిలబడి చూస్తున్నది స్వామి. "ఎవలు పగులగొట్టిండ్రు?" అని అడిగితే వీడు మాట్లాడలేదు. భయమేసి నవ్వాడు. ఆయన బెల్టు తీశాడు. అడగడం, కొట్టడం, వీడు నవ్వడం. నేను పరుగెత్తుకొచ్చి "నేనే అనురా, తప్పైంది అనురా" అని అరిచాను. వాడు అన్నాడు. దెబ్బలు ఆగిపోయాయి.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం వాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని నేర్పాను. "ఎవలు చేసిండ్రు?" అంటాను. "నేనే సార్, తప్పైంది" అంటే ఒక బెల్లం ముక్క నోట్లో పెడతాను. ఆర్నెల్లు నేర్పాను. మా అమ్మ నన్ను మెచ్చుకుంది. బడిలో, బజారులో, మార్కెట్‌లో ఆ మాట వాణ్ణి ఇరవై ఆరేళ్లు కాపాడింది. తప్పు ఒప్పుకున్నవాణ్ణి జనం ఒక తిట్టు తిట్టి వదిలేస్తారు కదా. ఒప్పుకున్నవాణ్ణి కట్టేసే చోటు ఒకటి ఉందని నాకు ఎందుకు తోచలేదో! పోలీసుల మీద, మీ బ్యారక్ వాళ్ల మీద ఎన్ని తిట్లు రాశాను! వాడి చేతికి సంకెళ్లు వేసింది నా బెల్లమే. ఈ వారం రోజులుగా మెస్‌లో వండింది నోట పెట్టలేకపోతున్నాను.

ఏడ్చింది చాలు. స్వామిని బయటికి తెస్తాను, అందులో మార్పు లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఫోన్ ఎవరిదో బ్యారక్‌లో ఒక్కరికైనా తెలిసి ఉంటుంది. మీరు అందరి ఉత్తరాలు రాసేవారు, మీకు తెలియకుండా ఉండదు. తెలిస్తే ఆ మనిషికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. చదివాక కూడా అతను కూర్చునే ఉంటే, అతని ఇష్టం.

సుభాషిణి


జిల్లా జైలు, పని షెడ్డు
సెప్టెంబర్ 12

చెల్లెలు సుభాషిణికి,

నీ ఉత్తరం ఆ మనిషికి చదివి వినిపించాను. వినిపించడానికి ఎక్కడికీ పోనక్కర లేకపోయింది. ఆ ఫోన్ నాదే.

మధ్యలో చదివే సారు ఉన్నాడు కాబట్టి అప్పుడు రాయలేదని చెప్పవచ్చు. అది సాకు. భయపడ్డాను. రాతబల్ల పోతుంది, మంచి నడతకు ఇచ్చిన మాఫీ రోజులు పోతాయి, కొత్త కేసు వస్తుంది. ఇవన్నీ లెక్క వేసుకుంటూ తల దించుకున్నాను, ఆ లోపే నీ తమ్ముడు లేచాడు. నా బదులు లేస్తున్నానని కూడా అతనికి తెలియదు. జైలు నంబరైతే నా కూతురు ఎత్తదు. తెలియని నంబరైతే ఎత్తి "హలో, ఎవరు?" అంటుంది. ఆ రెండు మాటలు విని పెట్టేసేవాణ్ణి. వారానికి ఒకసారి. అందుకే ఆ ఫోన్.

ఈ నెల రెండో తారీఖున ఉదయం హాజరు వేళ సూపరింటెండెంటు గారి ముందు నిలబడి "నేనే సార్" అన్నాను. నా కేసులో మూడేళ్లు వాదించినవాణ్ణి, ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. స్వామిని ఆ పూటే బ్యారక్‌కు పంపారు. కోర్టుకు పోబోయిన కాగితం వెనక్కి తీసుకున్నారు. నా బల్ల పోయింది, మాఫీ పోయింది, కేసు రాశారు. నన్ను గోనె సంచుల షెడ్డుకు మార్చారు. నువ్వు ఇప్పుడు నన్ను ఎంత తిట్టినా సరే. కానీ తిట్టే ముందు తరువాతి ముక్క కూడా చదువు.

స్వామిని కూడా పగలు ఈ షెడ్డుకే పంపుతున్నారు, నా పక్క చోటు అతనిదే. ఇక్కడ పనివేళల్లో వార్డరు ముందు దబ్బనం ఇస్తారు. చేతికి అది వచ్చాక అతను వేరే మనిషి. నాకు కుట్టు నేర్పాడు, నా చేయి పట్టుకుని మరీ. మొన్న మొండయ్య కుట్టిన సంచి ఒకటి చూపి, అలవాటు కొద్దీ అడిగాను, "స్వామీ, ఇది ఎవరు కుట్టారు?" అని. "నే..." అంటూ చేయి చాచి కుట్టు తడిమాడు. అక్కడ ఆగిపోయాడు. మొహం చిట్లించి, "నేను కాదు. దీనికి చెవులేవి?" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను, సుభాషిణీ. నెల రోజులు నోటికి నేర్పబోయాను. ఆ మాట అతని చేతిలో ఉంది. అప్పటినుంచి ఇరవై సంచులు చూపించాను. తనది తనదే అంటాడు, కానిది కాదంటాడు, ఒక్కటీ తప్పలేదు. స్నేహలత గారికి ఈ సంగతి రాశాను. ఏడు కేసుల్లో ఏడు సంచులు స్వాధీనం చేసుకున్నట్టు, ఏడూ అతను కుట్టి దాచినవే అన్నట్టు కాగితాల్లో ఉంది. అవి కోర్టు సామాను గదిలోనే ఉంటాయి. తెప్పించమని ఆమె అడుగుతుంది. ఇరవై రెండో తారీఖున వాయిదా. నువ్వు అతనికి కనబడేట్టు నిలబడు.

తల ఎత్తుకోలేని అన్న,
రమాకాంత్


కరీమాబాద్, వరంగల్
సెప్టెంబర్ 24

అన్నా,

మిమ్మల్ని తిట్టడానికి ఒక పూట కేటాయించాను. ఆ పూట అయిపోయింది. మన ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదని తూకం వేస్తూ కూర్చుంటే అన్నం మాడిపోతుంది. మీరు లేచి నిలబడ్డారు, అది చాలు.

ఇప్పుడు వినండి. ఉత్తరం ముగింపు దాకా ఆగలేను, స్వామి ఈ మూలనే కూర్చుని మక్క కంకి తింటున్నాడు.

ఇరవై రెండున పదకొండు గంటలకు పిలిచారు. మేజిస్ట్రేటు మేడం డాక్టరు రిపోర్టు చదివారు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఉండే తెలివి అని అందులో ఉంది. ప్రభుత్వ లాయరు లేచి, "నేరం వివరంగా ఒప్పుకున్నాడు మేడం, తెలివి లేనివాడు అట్లా చెప్పలేడు" అన్నాడు. స్నేహలత మేడం లేచి జడ్జి మేడంతో, "మీరే ఏదైనా అడిగి చూడండి" అంది. జడ్జి మేడం గోడ వైపు చూశారు. అక్కడి గడియారం ఎప్పటినుంచో ఆగి ఉంది.

"కుమారస్వామీ, మా గడియారం నడుస్తలేదు. ఎవలు ఆపిండ్రు?"

"నేనే మేడం, తప్పైంది."

కోర్టంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

అప్పుడు సంచులు తెచ్చారు. ఏడూ వరుసగా నేల మీద పెట్టారు. వాణ్ణి మొదటి సంచి దగ్గరికి తీసుకుపోయారు. "ఇది నువ్వే కుట్టినవా?" అని ఆమె అడిగారు. వాడు నవ్వాడు. భయం నవ్వు. "నే..." అన్నాడు. నేను వాడికి ఎదురుగానే ఉన్నాను, కానీ వాడు నన్ను చూడలేదు. వంగి మూతి మీద చేయి వేశాడు. నవ్వు పోయింది.

"నేను కాదు."

అన్నా, ఆ మాట వాడి గొంతులో వినడం నాకు అదే మొదలు. రెండో సంచి దగ్గర తల అడ్డంగా ఊపాడు. మూడోదాన్ని చూసి "సుతిలి వదులున్నది, మక్కలు కారిపోతయి" అని కోప్పడ్డాడు. ఆరు సంచులు కాదన్నాడు. ఏడోదాని ముందు కూలబడి, చెవులు రెండూ పట్టుకుని లాగి చూసి, "ఇది నాది" అన్నాడు. జడ్జి మేడం తనే దిగి వచ్చి కుట్లు లెక్కపెట్టారు. పదకొండు. మిగతా వాటిలో ఒక్కదానికీ చెవులు లేవు. ఆ ఆరు సంచులూ ఎక్కడ ఎవరు కుట్టారో పోలీసాయన చెప్పలేకపోయాడు.

"మరి ఠాణాల ఏడు దొంగతనాలు నేనే చేసిన అన్నవు గదా?" అని ఆమె అడిగారు.

"అడిగిండ్రు. అన్న" అన్నాడు మా స్వామి.

ఆమె పెన్ను పక్కన పెట్టారు. తరువాత ఆర్డరు చెప్పారు. కేసు ఎదుర్కొనే స్థితిలో వాడు లేడు కాబట్టి నా పూచీ మీద ఇంటికి పంపుతున్నామన్నారు. ఆ ఆరు సంచుల సంగతి పై అధికారితో విచారణ చేయించి నివేదిక ఇవ్వమన్నారు. ఇకమీదట ఎవరైనా వీణ్ణి ప్రశ్న అడగాలంటే నేను పక్కన ఉండాలని కూడా రాయించారు. ఏడో సంచి కేసు కూడా నిలవదని స్నేహలత మేడం గట్టిగా చెబుతోంది. నిన్న సాయంత్రం జైలు గేటు దగ్గర వాణ్ణి అప్పగించారు. మిమ్మల్ని చూడనివ్వలేదు. బస్సులో వాడు మూడుసార్లు వెనక్కి తిరిగి "రమాకాంత్ సారుకు తిను అని ఎవలు చెప్తరు?" అని అడిగాడు.

మీకు తోబుట్టువు,
సుభాషిణి


జిల్లా జైలు, పని షెడ్డు
అక్టోబర్ 17

చెల్లెమ్మా,

నీ ఉత్తరం షెడ్డులో గట్టిగా చదివాను. గడియారం దగ్గర నవ్వారు, సంచుల దగ్గర ఊపిరి బిగబట్టారు. "నేను కాదు" దగ్గర మొండయ్య లేచి చప్పట్లు కొట్టాడు. వార్డరు కూర్చోమనలేదు.

నాకు ఇంకో ఆర్నెల్లు పెరిగేట్టుంది. ఉండనీ. నా కుట్టు ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది, పదకొండు పట్టడం లేదు. మొండయ్య మాత్రం సంచికి చెవులు పెడుతున్నాడు. నేను అన్నం వేళకే తింటున్నానని స్వామికి చెప్పు.

రమాకాంత్


కరీమాబాద్, వరంగల్
నవంబర్ 16

అన్నా,

ముందు మీ ఇంటి సంగతి. చెప్పి ఉంచానని అన్నాను కదా, పోయాను. శ్రీలతను కాలేజీ గేటు దగ్గర పట్టుకున్నాను. నేను ఎవరో చెప్పి, మీ సెప్టెంబర్ ఉత్తరం చేతికిచ్చాను. నిలబడే చదివింది. "ఆ ఫోన్లు నాన్నవా?" అని మాత్రం అంది. నాకు చాయ్ తాగించి పంపింది. మొన్న తనే మా హాస్టల్‌కు వచ్చి, "ములాఖత్ ఏ రోజు ఉంటదక్కా?" అని అడిగింది. బుధవారం అని చెప్పాను. వస్తుందో రాదో ఆమె ఇష్టం. మీరు మాత్రం బుధవారాలు గడ్డం గీసుకుని ఉండండి.

సదరం కాగితం వచ్చింది. స్వామి మళ్లీ మార్కెట్‌కు పోతున్నాడు. హమాలీలు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు, వాళ్లకు తెలిసిన మనిషి తెచ్చిన సంచి తప్ప స్వామి ముందు పెట్టనివ్వరు. నేను మాత్రం రోజూ సాయంత్రం వాణ్ణి ముందు కూర్చోబెట్టి పాత పాఠం తుడిచేస్తున్నాను. సంచులతో వచ్చిన మాట మిగతా వాటికి రావడం లేదు. గిన్నె పడితే నేనే, కుక్క మొరిగితే నేనే. నేర్పిన చేయే కదా, ఓపిక పడుతున్నాను.

నిన్న పొద్దున మెస్‌కు బయలుదేరుతూ చూస్తే బెల్లం డబ్బా మూత తీసి ఉంది. సగం గడ్డ లేదు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

"స్వామీ, బెల్లం ఎవలు తిన్నరు?" అన్నాను.

వాడు నన్ను చూశాడు. డబ్బాను చూశాడు. మూతి నిండా బెల్లం, మోచేతి మీద చీమ పాకుతోంది. "నే..." అని ఆగాడు. భయం నవ్వు కోసం చూశాను. రాలేదు.

"నేను కాదు" అన్నాడు.

ముప్పై నాలుగేళ్లలో వాడు నాతో చెప్పిన మొదటి అబద్ధం అన్నా. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మిగిలిన సగం గడ్డ కూడా వాడి చేతిలో పెట్టి పనికి పోయాను.

మీ చెల్లెలు,
సుభాషిణి